బండమ్మ ఇచ్చిన చల్లని చోటు

అనగనగా, వేసవి వస్తే చెట్ల నీడ కూడా సెగలు కక్కే ఒక అడవిలో చిన్న మడుగు ఉండేది. దాని ఒడ్డున చంచల అనే నీటికుక్క తన ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేది. పక్కనే పెద్ద రాయి కింద ఒక తాబేలు చల్లని గుంట తవ్వుకుని ఉండేది. దాని పేరు బండమ్మ.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. మడుగు సగానికి పైగా ఇంకిపోయింది. చంచల పిల్లలు వేడికి నోళ్ళు తెరిచి రొప్పసాగాయి. బండమ్మ మాత్రం ఎండలోనూ నిదానంగా తిరుగుతోంది.

"అక్కా, నీకు ఎండ తగలదా?" అని చంచల అడిగింది.

"తగలకేం చెల్లీ! మా ఒంట్లో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వేడికి లోపల ఏదైనా చెడితే అవి మళ్ళీ సరిచేస్తాయి. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా అవే కాపు కాస్తాయి. కానీ వాటికీ బలం కావాలి కదా! నేను ఇంత తినాలి, చల్లగా పడుకోవాలి. లేకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి?"

చంచల మొదటి మాటలే విన్నది. "అయితే నీ గుంట నా పిల్లలకియ్యి అక్కా. నీది ఎలాగూ ఓర్చుకునే ఒళ్ళు" అంది.

పిల్లల ముఖాలు చూసి బండమ్మ కాదనలేకపోయింది. "నాలుగు రోజులు ఉండనీ" అని ఒడ్డు మీది తడి బురదలోకి వెళ్ళింది.

మర్నాడు కోరన్న అనే అడవిపంది వచ్చింది. "నాకు ఒళ్ళు మండిపోతోంది. నువ్వు ఎక్కడైనా బతుకుతావు, లే!" అని బురదలో దొర్లింది. బండమ్మ చంచల వైపు చూసింది. ఈ తగువు నాకెందుకని చంచల తల తిప్పుకుంది. బండమ్మ కాలే రాళ్ళ మీదికి జరిగింది.

తర్వాత ఆకులు రాలి, మడుగులో కుళ్ళి, నీళ్ళు నల్లబడ్డాయి. అడుగు నుంచి మడుగుకు నీళ్ళిచ్చే ఊట పూడిపోయింది. చేపలు పైకి తేలి గాలి కోసం కొట్టుకున్నాయి.

"ఆ కుళ్ళు నీళ్ళలో అంతసేపు ఉండగలిగేది నువ్వే" అని చంచల, కోరన్న బండమ్మను దింపాయి. అది ఊపిరి బిగబట్టి అడుగుకు పోయి, కాళ్ళతో ఆకులు తోడి, ఊట తెరిచింది. మంచినీళ్ళు ఉబికాయి. అందరూ సంతోషించారు. మర్నాడు మళ్ళీ ఆకులు నిండాయి. మళ్ళీ బండమ్మే దిగింది. ఇక రోజూ అదే పని.

ఒక మధ్యాహ్నం బండమ్మ గుంట దగ్గరికి వచ్చింది. కళ్ళు లోతుకుపోయాయి. కాళ్ళు తడబడుతున్నాయి.

"చెల్లీ, ఈ ఒక్క పూట లోపల పడుకోనీ. నా వల్ల కావడం లేదు."

పిల్లలను కాస్త జరిపితే చోటుంది. ఆ సంగతి చంచలకు తెలుసు. అయినా, "నీకేమవుతుంది అక్కా! పిల్లలు ఇప్పుడే పడుకున్నారు, రేపు చూద్దాం" అంది.

బండమ్మ వెనుదిరిగి రాళ్ళ వైపు నడిచింది. తనను నిలదీయనందుకు చంచలకు హాయిగా అనిపించింది.

సాయంత్రానికి బండమ్మ రాళ్ళ మీద చచ్చి పడి ఉంది.

ఊట మళ్ళీ పూడింది. చంచల దిగింది, ఊపిరాడక పైకి వచ్చింది. మళ్ళీ దిగింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి బతికి బయటపడడమే గగనమైంది. కోరన్న ఎటో వెళ్ళిపోయింది. చంచల పిల్లలను తీసుకుని, మండే ఇసుక మీద దూరాన ఉన్న ఏటి వైపు నడిచింది. చిన్నది దారిలోనే కూలిపోయింది. ఎంత పిలిచినా లేవలేదు.

ఏటి గట్టున, ఒక పొద నీడలో, ముసలి తాబేలు ఒకటి పడుకుని ఉంది.

"అయ్యో, ఎండన పడి వచ్చారు! రండి, నేను జరుగుతాను" అంది.

"వద్దు!" అని చంచల అరిచింది. "నువ్వు జరగకు."

మిగిలిన పిల్లను దాని పక్కన పడుకోబెట్టి, తను ఎండలోనే కూర్చుంది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని తాబేలు అడిగింది.

"మా అక్క కూడా నా పిల్లల కోసం ఇలాగే జరిగింది" అని చంచల వచ్చిన దారి వైపు చూసింది.

నీతి: ఓర్చుకునేవారికీ బాధ ఉంటుంది, వారి బలమూ ఒకనాటికి అయిపోతుంది, వారు ఉండగానే ఆదుకోవాలి, పోయాక ఏడిస్తే తిరిగి రారు.