గుర్రాల వెనక నడక

మలయకోట రాజుగారు కొండమీది కోట వాకిలికి పెద్ద గడపరాయి పెట్టించాలనుకున్నారు. దాన్ని పైకి చేర్చే పని బండితోలే గవరయ్య నెత్తిన పడింది. బండికి ఏ పశువుల్ని కట్టాలో తేల్చేది మాత్రం అశ్వశాల అధికారి భుజంగవర్మ.

“తెల్లగుర్రాల్ని కట్టు. బాదంపప్పూ నెయ్యీ పెట్టు,” అన్నాడాయన.

“అయ్యా, అవి పరుగుకి పుట్టిన జీవాలు. ఇంత బరువు కొండెక్కాలంటే ఎద్దులే కావాలి. వాటికి ఉలవలు చాలు.”

“ఉలవలు తినే ఎద్దు బాదం తినే గుర్రాన్ని మించుతుందా? ఏం మాటలయ్యా!”

మూడు రోజులు ఇదే గోల. చెప్పి చెప్పి గవరయ్య నోరెండిపోయింది. గుర్రాలు సగం దారిలో చతికిలబడితే రాయి వెనక్కి దొర్లి, బండిని నెట్టే పాతికమంది మీద పడుతుంది. వాళ్ళలో అతని తమ్ముడూ ఉన్నాడు.

నాలుగోనాడు గవరయ్య ఇక వాదించలేదు. గుర్రాల్నే కట్టి చేతులు జోడించాడు.

“తమరి మాటే కానివ్వండి. కానీ నెట్టేవాళ్ళు భయపడుతున్నారు. తమరు బండి వెనకే, వాళ్ళకంటే ముందు వరసలో నడిస్తే ధైర్యం వస్తుంది.”

భుజంగవర్మ బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎదురుగా రాయి, దాని పైన నిట్టనిలువు దారి. బండి కదలగానే ఒక గుర్రం గిట్ట జారింది; బండి జానెడు వెనక్కి వచ్చింది. ఆయన ఎగిరి పక్కకి గెంతాడు.

“ఎద్దుల్ని తోలుకురా!”

“మేత బాదంపప్పేనా, అయ్యా?”

“ఉలవలే పెట్టి చావు!” అని అరిచాడాయన.

పొద్దు వాలకముందే రాయి కోటకి చేరింది. పాతికమందీ క్షేమంగా దిగివచ్చారు.