నూకాలు ఒప్పుకోని వావిలి

ఎప్పుడో, మా ముత్తాతకు ఇంకా మీసం మొలవని రోజుల్లో, ఒక కొండ కింద నూకాలు అనే మనిషి ఉండేది. ఊరి వైద్యుడికి వావిలాకు కోసి తేవడం ఆమె పని. పొద దగ్గర ఆగేది. ఒక ఆకు నలిపేది. వాసన చూసేది. నచ్చకపోతే ఇంకో పొదకు పోయేది.

ఊరి వాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లకు వేరే పనేముంది.

"అదీ వావిలే, ఇదీ వావిలే. పెళ్లిసంబంధం చూస్తన్నావేటే?" అనేవాళ్లు.

"పేరొకటే. ఘాటొకటి కాదు," అనేది నూకాలు.

వైద్యుడికి ఆమె ఆలస్యం నచ్చలేదు. ఆమె మెచ్చిన పొద నుంచే ఒక కొమ్మ తెప్పించి, పెరట్లో స్నానాల నీళ్లు పారే చోట నాటాడు. అది ఏపుగా పెరిగింది. వచ్చిన వాళ్లకు జబ్బేమిటో అడగకముందే ఆ చెట్టు చూపించేవాడు. నూకాలును ఇక రావద్దన్నాడు.

అప్పుడు కుమ్మరి వాళ్ల కోడలు పైడమ్మ ప్రసవించింది. తొమ్మిదో రోజున ఛాతీ కఫంతో పట్టేసింది. పడుకుంటే ఊపిరాడదు. బిడ్డకు పాలివ్వడానికీ ఆయాసమే. వైద్యుడు పెరటి ఆకుతో ఆవిరి పట్టించాడు, తగ్గలేదు. మర్నాడు రెట్టింపు ఆకు వేయించాడు, తగ్గలేదు. మూడో రోజుకు చెట్టు బోడి అయింది, పైడమ్మ పెదవులు నీలంగా మారాయి.

పైడమ్మ అత్త వెళ్లి నూకాలు గుమ్మంలో కూర్చుంది. నూకాలును చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే. నూకాలు ఆ మాటే ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఇంకాస్త ఉండేది.

ఇద్దరూ కొండెక్కారు. మొదటి పొద వాగు ఒడ్డున ఉంది. నూకాలు ఆకు నలిపింది. "ఇది నీళ్లు తాగి నిద్రపోతోంది," అంది. రెండోది పెద్ద చెట్ల నీడన ఉంది. "దీనికి ఎండ తెలీదు," అంది.

"ఇదీ వావిలే కదే. నా కోడలు పోయేలా ఉంది," అంది అత్త.

మూడోది బండల మధ్య ఉంది. చిన్న ఆకులు, నిండా దుమ్ము. "ఈసారి నువ్వే చూడు వదినా," అంది నూకాలు.

అత్త ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒడి నిండా కోసుకుంది.

ఆ సాయంత్రం ఆవిరికి పైడమ్మ గుండెల్లోని కఫం కదిలింది. మర్నాడు పక్కమీద పడుకుని, ఆయాసం లేకుండా బిడ్డకు పాలిచ్చింది. వైద్యుడు వచ్చి చూసి, తన మూడు రోజుల వైద్యం ఇప్పటికి పనిచేసిందన్నాడు.

నూకాలు చాలా ఏళ్లు బతికి, ముసలితనంలో కన్నుమూసింది. ఇప్పటికీ ఆ కొండ కింద బాలింతకు ఆవిరి పట్టాలంటే ఆకుకు అత్తే వెళ్లాలి. కన్నతల్లి వెళ్తానన్నా ఒప్పుకోరు. అత్త ఆకు నలిపి వాసన చూడాలి. కళ్లు తడవకపోతే "నూకాలు ఒప్పుకోలేదు" అని ఇంకో పొదకు నడవాలి. కోడలి కోసం అత్త కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఆకు కోయరు.

ఆ ఊరి కోడళ్లకు ఈ ఆచారమంటే చాలా గౌరవం.