తడిమితే తగలని రివాల్వరు

కొడవలి కొనడానికి వచ్చినవాడికి కమ్మరి మౌనాచారి మొదట తన బుర్ర గొప్ప చెప్పేవాడు, తర్వాతే కొడవలి చూపించేవాడు. "నేనూ, మా ఆవిడ శేషమ్మా, మా తమ్ముడు పాపాచారీ. మా ముగ్గురి తెలివీ తూచాలంటే రాళ్ళు చాలవు" అనేవాడు. పేరుకే మౌనం, ఆ నోరు మూతపడితే ఒట్టు. మరీ నవ్వకండి, ఈ కథ చెప్పేవాడికీ ఆ ఇంటితో దూరపు చుట్టరికం ఉంది.

ఆ ఇంటికి రాజావారి ఆయుధశాల పెద్ద మస్తాన్ సాహెబు ఇనుపదిమ్మ పట్టుకొచ్చాడు. "రాజావారికి రివాల్వరు చెయ్యాలి. కుదిరితే మీరే ఆస్థాన కమ్మర్లు. చెడిందా, ఈ కొలిమి ఆర్పించేస్తారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. ఇనుము ఎర్రగా ఉన్నప్పుడే కొట్టాలి. గొట్టంలోంచి చూస్తే అవతలి దీపం కనపడాలి. గుళ్ళు పెట్టే చక్రం తిప్పినప్పుడల్లా టక్కుమనాలి. ఆఖర్న ఆకురాయితో నునుపు చెయ్యండి, తడిమితే చేతికేమీ తగలకూడదు" అని చెప్పి గుర్రమెక్కాడు.

తాతలనాటి కొలిమి! మౌనాచారి తమ్ముణ్ణి పిలిచి, "ఒక్క మాట పొల్లుపోకూడదురా" అన్నాడు.

"ఎర్రగా ఉండాలంటే కొలిమిలో పెడదామా అన్నయ్యా?"

"రాజావారి ఇనుముని నిప్పుల్లో తోస్తావుట్రా? అపచారం!"

అంతే. దిమ్మకి ఎర్రటి జాజు పూసి సమ్మెటెత్తారు. పొద్దుగూకేదాకా బాదితే జాజు రాలింది గానీ ఇనుము వంగలేదు. చివరికి సమ్మెట తల ఊడి ఆవకాయ జాడీలో పడింది. శేషమ్మకి ఒళ్ళు మండి దిమ్మనెత్తి కొలిమిలో పారేసింది. ఇంకేముంది, అది ఎర్రగా నిగనిగలాడింది.

"ఓసి నీ తెలివి బంగారం కానూ! జాజు ఖర్చు లేకుండా ఎర్రబరిచావే!" అని మురిసిపోయాడు మౌనాచారి.

రివాల్వరు ఆకారం వచ్చింది. గొట్టానికి బెజ్జం వేసి చూస్తే అవతల దీపపు కొస మినుకుమంది.

"దీపమన్నాడు గానీ కొసన్నాడా? దీపం కింది సెమ్మె కూడా కనపడొద్దూ!" అన్నాడు మౌనాచారి. అంతే, తొలిచారు, తొలిచారు. సెమ్మె కనపడింది, పక్కన కూర్చున్న పిల్లీ కనపడింది. గొట్టంలో పాపాచారి చెయ్యి మోచేతిదాకా దూరింది.

చక్రం తిప్పితే మాత్రం చప్పుడే లేదు. "నేను లేనూ?" అంది శేషమ్మ. వాళ్ళు తిప్పడం, ఆవిడ "టక్!" అనడం. ఎంత తిప్పినా ఒక్కసారీ తప్పలేదు.

ఇక నునుపు. ఆకురాయితో రాసి మౌనాచారి కళ్ళు మూసుకుని తడిమాడు. "పిడి తగులుతోందిరా." అరగదీశారు. "చక్రం తగులుతోంది." అరగదీశారు. "గొట్టమింకా తగులుతోందిరోయ్!" చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. ఆఖరికి తడిమితే ఏమీ తగల్లేదు. మౌనాచారికి ఆనందంతో ఏడుపొచ్చింది. ఇనుపరజను ఊడ్చి పారేసి, పట్టుగుడ్డ మడతపెట్టుకుని కోటకి వెళ్ళారు.

రాజావారు గుడ్డ విప్పారు. "ఏదయ్యా?"

"తడిమి చూడండి మహాప్రభో!"

"చేతికేమీ తగలడం లేదే!"

"మరదే పనితనం!" అన్నాడు మౌనాచారి రొమ్ము విరుచుకుని. సాహెబు తల బాదుకున్నాడు.

రాజావారి మొహం కందగడ్డయింది. "బయటికి నడవండి!" అని మౌనాచారి వైపే వేలు చాపి గద్దించారు.

చెయ్యి కదిలింది కదా, శేషమ్మ తన పని మర్చిపోకుండా "టక్!" అంది.

మౌనాచారి గుండె పట్టుకుని దభీమని పడ్డాడు. "ఓరి దేవుడో, నా మొగుణ్ణి కాల్చేశారో!" అని శేషమ్మ మీదపడి ఘొల్లుమంది.

మౌనాచారి ఒక కన్ను తెరిచాడు.

"ఊరుకోవే పిచ్చిదానా, మన కొలిమి ఇక ఆరదు. చూశావా గురి? మొదటి దెబ్బకే పోయాను!"