వేగిస పాదాలు

"చెట్లకు వచ్చే రోగాల్లో పోల్చుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది ఏది మాస్టారూ?" అని మంగతాయి అడిగింది.

విరూపాక్షయ్య మాస్టారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు కళ్ళు మూసుకుంటారు. అది ఆలోచన అని శిష్యులంటారు, కునుకు అని వంటావిడ బుల్లెమ్మ అంటుంది. ఆ రోజు చాలాసేపటికి కళ్ళు తెరిచి, "అది చెబితే తెలిసేది కాదు. ఎదురైనప్పుడు చూద్దాం" అన్నారు. శిష్యులందరూ తలలూపారు. అర్థమైనవాళ్ళు కొంచెంగా, అర్థం కానివాళ్ళు గట్టిగా.

మాస్టారు అటవీ శాఖలో పనిచేసి, పదవీ విరమణ చేశాక ఇప్పలపాడు పొలిమేర దాటి అడవి మొదలయ్యే చోట ఒక బడి పెట్టారు. చెట్ల రోగాలు చూడటం నేర్పుతారు. టేకు ఆకు జల్లెడైతే అది పురుగు పనో తెగులు పనో, కొమ్మ ఎండితే దాని సారం పీల్చే బదనిక పట్టిందో పిడుగు పడిందో ఆయన దూరం నుంచే చెప్పేవారు. గొడ్డలి మడమతో మానును తట్టి, చెవి ఆనించి, లోపల కుళ్ళు ఎంతవరకు పాకిందో చెప్పేవారు. ఆ చెవికి జిల్లాలో పేరుంది. ఈమధ్య భోజనానికి పిలవాలంటే బుల్లెమ్మ పళ్ళెం మీద గరిటెతో వాయించాల్సి వస్తోంది. కానీ ఆ సంగతికి ఇంకా పేరు రాలేదు.

ఆయన మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. "చెట్టును కింది నుంచి పైకి చూడండి. ఆకులు గోల చేస్తాయి, వేళ్ళు చేయవు. గోల విని పైకి చూసినవాడు వైద్యుడు కాడు, దారిన పోయేవాడు."

ఈ పాఠం ఆయన చెప్పేది బడి ముంగిట్లోని పెద్ద వేగిస చెట్టు కింద, దాని చుట్టూ కట్టిన అరుగు మీద కూర్చుని. ఆ అరుగుకో కథ ఉంది. చదువు ముగించుకున్న శిష్యులు ఎవరి ఊరి నుంచి వాళ్ళు ఒక గంపెడు మట్టి తెచ్చి, మాస్టారు కూర్చునే చోట పోసి, మెత్తి, దండం పెట్టి వెళ్ళడం అక్కడి గురుదక్షిణ. గురువు పాదాల కింద తమ ఊరు ఉండాలని వాళ్ళ కోరిక. ఏటేటా మట్టి పెరిగింది. మట్టి జారకుండా రాళ్ళు పేర్చారు. రాళ్ళు కదలకుండా సిమెంటు పూశారు. పెద్ద శిష్యుడు కామేశం దగ్గరుండి నల్లరాతి పలక కూడా పెట్టించాడు. అందులో మాస్టారి పేరు, కింద కామేశం పేరు. కామేశం పేరు మాస్టారి పేరు కంటే కొద్దిగానే పెద్దది. చెక్కినవాడి పొరపాటని కామేశమే అందరికీ చెబుతుంటాడు, అడగకపోయినా.

ఆ ఏడు వేగిస తల పలచబడింది. చిగుళ్ళు చిన్నవై, విప్పుకోకముందే పసుపుబారాయి. మాను మీద పగుళ్ళలోంచి ఎర్రటి జిగురు కారింది. మాస్టారు గొడ్డలి మడమతో తట్టారు, చెవి ఆనించారు, కళ్ళు మూసుకున్నారు.

"గుండె కుళ్ళు" అన్నారు. "అడవికి అంటుకోకముందే కొట్టేయాలి."

అనేసి, ఆ పూట అన్నం ముట్టలేదు. రెండు జంతికలు మాత్రం తిన్నారని బుల్లెమ్మ వాంగ్మూలం. వేగిస చెక్కతో చేసిన గ్లాసులో నీళ్ళు తాగితే చక్కెర జబ్బు తగ్గుతుందని ఇప్పలపాడులో నమ్మకం. కాబట్టి దుఃఖించడానికి వచ్చిన ఊరి పెద్దలందరూ వెళ్ళేటప్పుడు తలా ఒక గ్లాసు కావాలని చెప్పి వెళ్ళారు.

మంగతాయి మాత్రం చెట్టు చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆమెది కొండ మీద చిన్న ఊరు. అక్కడ మద్దిచెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోతుంటే, కారణం తెలుసుకు రమ్మని ఊరంతా కలిసి ఆమెను పంపింది. కారణం తెలియకుండా ఆ ఊరికి తిరిగి వెళ్ళే వీల్లేదు. అందుకే మాస్టారి మొదటి పాఠాన్ని ఆమె మనసుతో పట్టుకుంది, మిగతావాళ్ళు నోటితో పట్టుకున్నారు.

కింది నుంచి చూద్దామంటే వేగిసకు కింద లేదు. గచ్చులోంచి కరెంటు స్తంభంలా నిటారుగా లేచి ఉంది. ఆమె అడవిలోకి పోయి తక్కిన వేగిసలను చూసి వచ్చింది. ప్రతి చెట్టూ నేలను తాకేచోట వెడల్పై, కాళ్ళు బారచాపి నిలబడి ఉంది. ఇదొక్కటే కాళ్ళు లేకుండా నిలబడింది. గొడ్డలి తీసుకుని తానే తట్టి చూసింది. చప్పుడు గట్టిగానే ఉంది, లోపల కుళ్ళిన మానులా డొల్లగా లేదు.

"కామేశం అన్నా, ఒకసారి నువ్వూ విను."

"మాస్టారు విన్నాక మళ్ళీ మనం వినేదేమిటమ్మా?" అన్నాడు కామేశం. "ఆయన విన్నదే మనకి వినబడకపోతే, లోపం చెట్టుదా, మనదా?"

చెట్టు కొట్టే రోజు పొద్దున్నే రంపం వచ్చింది, మోకులు వచ్చాయి, చెట్టును చివరిసారి చూడటానికి పాత శిష్యులు వచ్చారు, గ్లాసులు చెప్పినవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చారు. మాస్టారు ఆ చెట్టు కింద చివరి పాఠం చెబుదామని అరుగెక్కి చాప మీద కూర్చున్నారు. మంగతాయి ఒక చేత్తో గంప, ఒక చేత్తో గడ్డపార పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"మాస్టారూ, మీరొకసారి లేవాలి."

"దేనికి?"

"కింది నుంచి చూడమన్నారు. దాని పాదాలు మీ కింద ఉన్నాయి."

రంపం పట్టుకున్నవాడు రంపం దించాడు. కామేశం మొహం వేగిస జిగురు రంగుకు వచ్చింది.

"ఏం మాటలవి? ఇది ఎందరి గురుదక్షిణో తెలుసా? నీ ఊరి మట్టి ఇందులో పడందే నిన్ను ఈ బడి శిష్యురాలివని ఎవరూ అనరు, గుర్తుపెట్టుకో!"

"గంప తెచ్చుకున్నానుగా అన్నా" అంది మంగతాయి.

"ఖాళీగా ఉంది!"

"ఖాళీగానే తెచ్చాను. పోయడానికి కాదు, తోడడానికి."

గ్లాసుల వాళ్ళలో ఒకరు నవ్వబోయి, ఎటు నవ్వాలో తెలియక దగ్గారు. మాస్టారు కళ్ళు మూసుకోలేదు. ఆయనకు కోపం వస్తే ముక్కు కొస తెల్లబడుతుంది. అప్పుడది సున్నం వేసినట్టుంది.

"తవ్వాక నేను చెప్పిందే నిజమైతే?"

"మూట కట్టుకుని పోతాను. మద్దిచెట్లు ఎందుకు చస్తున్నాయో మా ఊరికి తెలియకుండానే పోతుంది." ఆమె గడ్డపార మొన గచ్చుకు ఆనించింది. "మీరు చెప్పింది నిజం కాకపోతే మాస్టారూ?"

ఆ మాట ఆ బడిలో అంతకుముందు ఎవరూ అడగలేదు. మాస్టారు ఒక చెయ్యి మాను మీద ఆనించి లేచారు. మోకాళ్ళు పటపటమన్నాయి. ఆ చప్పుడు మాత్రం వినబడే చెవులకూ వినబడని చెవులకూ సమానంగా వినబడింది.

మొదటి పోటు నల్లరాతి పలక పక్కన పడింది. గచ్చు పెళ్ళలుగా లేచింది. ఆమె మట్టి తోడి గంపకెత్తి, దూరంగా పోసి, మళ్ళీ వచ్చింది. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ ఆపలేదు. మోచేతి లోతుకు వెళ్ళేసరికి పులిసిన వాసన కొట్టింది. మట్టి తగిలినంత మేరా బెరడు నానిన అట్టలా మెత్తబడింది. దాని కింద తెల్లటి బూజు దారాలు. గాలి కోసం పైకి పాకిన వేళ్ళు దారి దొరక్క మానునే చుట్టుకున్నాయి. ఒక వేరు పలుపుతాడులా కరుచుకుని మానులోకి దిగబడి ఉంది. ఇంకా కిందికి వెళితే, ఏనాటివో అసలు పాదాలు కనబడ్డాయి, బారచాపినవి.

మంగతాయి గోటితో బెరడు గీకింది. ఒక పక్క చచ్చి నల్లగా ఉంది. రెండో పక్క ఇంకా పచ్చిగా, తడిగా ఉంది. ఆ తడిలోంచి ఎర్రటి చుక్క ఒకటి నెమ్మదిగా ఊరింది.

మాస్టారు వంగి చూశారు. తర్వాత గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టారు.

అప్పుడు మిగతావాళ్ళు కదిలారు. గంపల్లో రేగడి వచ్చింది, ఎర్రమట్టి వచ్చింది, ఏటి ఇసుక వచ్చింది. పాత శిష్యులు ఇది మా ఊరిది, అది మీ ఊరిది అని పోల్చుకుంటూ మోశారు. ఎంతో గౌరవంగా తెచ్చిన మట్టిని మరింత గౌరవంగా బయట పారబోశారు. కామేశం అందరికంటే ఆఖరున వచ్చాడు. ఎవరి సాయమూ వద్దని పలకను ఒక్కడే ఎత్తుకుపోయాడు. ఆ పలక ఇప్పుడు బుల్లెమ్మ వంటింటి దగ్గర ఉంది, దాని మీద ఆమె బట్టలు ఉతుకుతుంది. అక్షరాలు పైకి ఉంటే మురికి బాగా వదులుతుందట.

రంపం వచ్చిన దారినే పోయింది. గ్లాసుల వాళ్ళు దాని వెనకే పోయారు, వచ్చినప్పటికంటే ఎక్కువ దుఃఖంతో.

"బతుకుతుందా?" అని మాస్టారు అడిగారు.

"తెలీదు మాస్టారూ. సగం పోయింది. మిగతా సగానికి గాలి తగులుతోంది" అంది మంగతాయి, చేతుల మట్టి దులుపుకుంటూ.

మాస్టారు గుంట గట్టున నిలబడి చెట్టును పాదాల నుంచి పైదాకా చూశారు. ఇన్నేళ్ళూ ఆయన దానికి వీపు ఆనించి కూర్చున్నవారే. ఎదురుగా నిలబడి అలా చూడటం అదే మొదటిసారి. ఈలోగా కామేశం ఎక్కడి నుంచో కుర్చీ మోసుకొచ్చి, తుడిచి, ఆయన వెనక వేశాడు.

"నువ్వేదో అడిగావు తాయీ, మొన్న. ఏ రోగం పోల్చుకోవడం కష్టమని."

"అవును మాస్టారూ."

మాస్టారు వెనక్కి తిరిగి కుర్చీ వైపు, దాని కింది నేల వైపు ఒకసారి చూశారు.

"మళ్ళీ అడుగు" అన్నారు. "నేను కూర్చోకముందే అడుగు."