గడప దాటని నిరసన

అమ్మలారా, అయ్యలారా, ఆ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి, కాస్త ఇటు చెవి పెట్టండి.

వెనకటికి ఒక రాజ్యంలో విషజ్వరం పుట్టింది. మంత్రి దండోరా వేయించాడు. ఎవరూ గడప దాటకూడదు, దాటితే కొరడా దెబ్బలు. కొండమీది కోటలో పనిచేసేవాళ్లకు మాత్రం మినహాయింపు. ఆజ్ఞ మంచిదే. కానీ సంతలు ఆగిపోయి, నెల తిరిగేసరికి పేదల ఇళ్లలో పొయ్యి వెలగడం మానేసింది.

"పదండి, అందరం పోయి కోట ముందు కూర్చుందాం!" అని గోడల మీంచి కేకలు మొదలయ్యాయి.

కోటకు కావడితో నీళ్లు మోసే గవరయ్య, "ఆగండర్రా, గుంపు కడితే జ్వరానికే పండగ. ఇంట్లోనే కూర్చుందాం. రేపట్నుంచి కోట పనివాళ్లం కూడా," అన్నాడు.

మర్నాడు కోటకు నీళ్లు రాలేదు, పాలు రాలేదు. పల్లకీ మోసే బోయీలు కూడా రాకపోవడంతో మంత్రి కాలినడకనే కొండ దిగాడు.

"ఏరా గవరయ్యా! గొంతు తడుపుకుందామంటే చుక్క లేదు. నీకు మినహాయింపు ఇచ్చాంగా!"

గవరయ్య గడప లోపలే నిలబడి దణ్ణం పెట్టాడు. "మీరిచ్చారు స్వామీ, జ్వరం ఇవ్వలేదు. అయినా ఒక్కపూట దాహానికే తమరు గడప దాటి వచ్చేశారే! మా పిల్లలు నెలరోజులుగా ఆకలితో మాడుతూ కూడా దాటలేదు. ఇప్పుడు కొరడా ఎవరికి స్వామీ?"

మంత్రి వెనుదిరిగి కొండెక్కాడు. సాయంత్రానికి కోట గాదెలు తెరిచి, ఇంటింటి గడప దగ్గరా గింజలు పోయించాడు. ఆ తర్వాతే గవరయ్య కావడి ఎత్తాడు.

గుడి తలుపులు కూడా మూసేసిన రోజులవి. ఆ సాయంత్రం దేవుడు ఎక్కడున్నాడో, మీరే చెప్పండి.