కుడితికి నీళ్లేవి?

ఒక వాగుకు అటు గట్టున గాడిదలు, ఇటు గట్టున గేదెలు. రెండు గట్లకూ కట్టుబాటు ఒక్కటే: తాగే రేవుకు ఎగువన మురికి కలపకూడదు. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. నీళ్లు తేటగా ఉండేవి కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వానల్లేక గడ్డి ఎండింది. గేదెల పెద్ద నల్లమ్మకు దూడ డొక్కలు చూస్తే ప్రాణం ఉసూరుమనేది. సరిగ్గా అప్పుడే దిగింది నక్క.

"అత్తా, ఎగువన బట్టలకు రంగులేసే అద్దకం పెడతాను. పనికొచ్చినవాళ్లకు కావలసినంత తవుడు."

"ఆ రంగునీళ్లు ఎక్కడ పోస్తావు అల్లుడూ?"

"వాగులో. ఇంకెక్కడ పోస్తారు?"

"కట్టుబాటు ఒప్పదయ్యా."

"అయ్యో, అలాగా! అవతల గాడిద మావయ్య కట్టుబాటు ఎత్తేశాడే! సరేలే, అద్దకం ఆ గట్టునే పెడతాను, తవుడూ అటే పోతుంది."

నల్లమ్మకు బుర్ర తిరిగిపోయింది. ఒప్పుకుంటే నీళ్లు పోతాయి. ఒప్పుకోకపోయినా పోతాయి, పైగా తవుడూ పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి!

"ఆగు అల్లుడూ! మేమూ ఎత్తేశాం."

నక్క తిన్నగా వాగు దాటింది. "మావయ్యా, నా అద్దకం తమ గట్టున పెడితే తవుడు దొరుకుతుందని గేదెలు కట్టుబాటు ఎత్తేశాయి. మరి మీరేమిస్తారు?"

గాడిదల పెద్ద కంగారుపడ్డాడు. "మేమూ ఎత్తేశాం! నీ రంగు తొట్లకు అడ్డమైతే ఒడ్డున ఉన్న తుంగ కూడా పీకేస్తాం!"

నీళ్లను వడగట్టేది ఆ తుంగే. ఒకే వాగు తాగుతూ ఒకరి మీద ఒకరు వేలంపాట పెంచుకోవడమేమిటో, మీకెవరికైనా అర్థమైతే నాకూ చెప్పండి. అద్దకం ఏ గట్టున పెట్టిందంటారా? రెండు గట్ల మీదా పెట్టింది.

వాగు ఎర్రబడింది.

"అమ్మా, ఈ రేవులో తాగనా, ఆ రేవులోనా?" అంది దూడ. నల్లమ్మ ఇటు చూసింది, అటు చూసింది. కోపం పట్టలేక అవతలి గట్టు మీద గాడిదను కేకేసింది.

"ముందు ఎత్తేసింది నువ్వు కాదూ!"

"నేనా? నువ్వు ఎత్తేశావంటేనేగా నేను ఎత్తేసింది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందట. ఆయాసపడుతూ ఎగువకు పోతే, తన తొట్లకు పైనున్న ఊటలో నక్క చల్లగా నీళ్లు తాగుతోంది.

"అబద్ధమాడావు కదరా అల్లుడూ!"

"అన్నప్పుడు అబద్ధమే అత్తా. తర్వాత దాన్ని నిజం చేసింది మీరే. ఇంతకీ తవుడు అందిందా లేదా?"

అందింది. దండిగా అందింది. నల్లమ్మ ఇంటికొచ్చేసరికి దూడ మూతినిండా తవుడు పూసుకుని దగ్గుతోంది.

"గొంతు దిగట్లేదమ్మా. కుడితి కలపవూ?"

నల్లమ్మ ఒకసారి తవుడు వంక, ఒకసారి వాగు వంక చూస్తూ, ఖాళీ తొట్టి దగ్గర అలాగే నిలబడిపోయింది.

నీతి: ఒకే వాగు తాగేవాళ్లు పోటీపడితే, తేట నీళ్లు ఎగువనున్నవాడికే.