డ్రమ్స్ లేని ఆల్బమ్

భ్రమరాంబ టీచరుగారిని బాగుందా, బాగాలేదా అని అడిగితే జవాబు రాదు. "ఏదీ, పాడు" అంటారు. విశాఖపట్నంలో ఆవిడ దగ్గర గొంతు దిద్దుకున్నవాళ్లంతా ఆ మాట పడ్డవాళ్లే. ఆ పొద్దున ఎలీషాకి మాత్రం అది రుచించలేదు.

అతను జవాబు కోసమే వచ్చాడు మరి. 'ఉప్పుగాలి' అనే రాక్ బ్యాండులో పదేళ్లు పాడి, చిన్ననాటి స్నేహితుడు నూకరాజుతో తెగతెంపులు చేసుకుని, ఒంటరిగా ఆల్బమ్ చేశాడు. నూకరాజు డ్రమ్స్ వాయిస్తాడు. వాడి మోత తన గొంతును తొక్కేస్తోందని గొడవ. అందుకే కొత్త పాటల్లో డ్రమ్స్ అన్నదే లేకుండా చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నారు కొందరు. అది అన్యాయం, ఎలీషా నిజంగా పాడగలడు. కానీ ఆల్బమ్ వచ్చి నెలైనా, విన్నవాళ్లు రెండో పాట దగ్గరే ఆపేస్తున్నారు. ఎందుకో ఒక్కరూ చెప్పరు. ఆ కడుపుమంటతోనే అడిగాడు.

"టీచరుగారూ, నేను బయటికి రావడం తప్పా?"

"ఏదీ, పాడు."

మైకు లేదు, గిటారు లేదు. చిన్న గది, ఎదురుగా టీచరుగారొక్కరే. ఎలీషా ఆల్బములో మొదటి పాట ఎత్తుకున్నాడు. వాళ్లమ్మ పోయినప్పుడు రాసుకున్న పాట అది. రెండో చరణానికల్లా మెడనరాలు ఉబ్బాయి, కిటికీ అద్దాలు అదిరాయి. పక్కవాటాలో నిద్రపోతున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది.

టీచరుగారు చెయ్యెత్తి ఆపారు. "అమ్మ పాటకి ఆ అరుపేమిటి నాయనా? ఎవరు అడ్డొస్తున్నారని?"

"అలవాటండీ. వెనక నూకరాజు..." అంటూ ఆగిపోయాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆల్బములోని పాటలన్నీ ఒక్కొక్కటే మనసులో మోగాయి. ఎదురు మోత లేకపోయినా ప్రతి పాటలోనూ అదే అరుపు. సిగ్గుతో తల వాలిపోయింది, కానీ రోషం చావలేదు.

"ఈ అరుపు నేర్పింది వాడేనండీ. మెల్లగా పాడితే వాడి మోతలో నేను వినబడేవాణ్ణా?"

పక్కవాటాలో పసిపిల్ల ఏడుపు సద్దుమణిగింది.

"మొన్న ఆదివారం బీచ్ రోడ్డులో వాళ్ల బ్యాండు విన్నాను. కొత్త కుర్రాడు మెల్లగా పాడుతున్నాడు," అన్నారు టీచరుగారు. "నూకరాజూ మెల్లగానే వాయిస్తున్నాడు."